కారణం చెప్పని కాగితం

హైదరాబాద్ నానక్‌రాంగూడ, పొద్దున ఏడు గంటలు

ఎండ ఇంకా అద్దాల మేడల పై అంతస్తుల మీదే ఉంది, రోడ్డు మీదికి దిగలేదు. మీరు ఫుట్‌పాత్ మీద నిలబడ్డారు. ఎదురుగా అమెరికా కాన్సులేట్ ప్రహరీ. 34 కోట్ల డాలర్ల ఖర్చుతో కట్టి 2023 మార్చిలో తెరిచిన భవనం ఇది. అంతకుముందు, 2008 నుంచి, ఈ ఆఫీసు బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో నడిచింది. దానికీ ముందైతే మనవాళ్లు చెన్నై రైలెక్కి, తెల్లవారేసరికి అక్కడి కాన్సులేట్ ముందు వరుసకట్టేవారు.

వెళ్లి వరుసలో నిలబడండి. మీ ముందు ఇస్త్రీ మడత చెడని చొక్కాలు, ఈ రోజు కోసమే కొన్న బూట్లు. ప్రతి చేతిలోనూ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్. అందులో ఏమున్నాయో అడక్కుండానే చెప్పొచ్చు. పాస్‌పోర్టు, వీసా దరఖాస్తు డీఎస్-160 కన్ఫర్మేషన్ పేజీ, యూనివర్సిటీ పంపిన ప్రవేశ పత్రం ఐ-20, విద్యార్థిగా నమోదుకు కట్టే సెవిస్ ఫీజు రసీదు, బ్యాంకు లోన్ శాంక్షన్ లెటర్, మార్కుల మెమోలు. ఫోన్లు లోపలికి పోనివ్వరు కాబట్టి అవి అమ్మానాన్నల చేతుల్లో ఉన్నాయి. వాళ్లు రోడ్డు పక్కన నీడ ఎక్కడుందా అని చూసుకుంటున్నారు. కొందరు చిలుకూరు గుడికి వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి మరీ వచ్చారు. వీసా వస్తే నూట ఎనిమిది చేస్తామన్న మొక్కు మిగిలి ఉంది.

మీకు ముందు ఒక అబ్బాయి, అతని ముందు ఒక అమ్మాయి. అబ్బాయిది హుజూరాబాద్ దగ్గర ఊరు, అమ్మాయిది నరసరావుపేట. పేర్లు అవసరం లేదు. ఏ సీజన్‌లో వచ్చినా ఈ వరుసలో ఇలాంటి ఇద్దరు ఉంటారు. ఇద్దరూ ఒకే కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చదివారు. ఇద్దరికీ ఒకే యూనివర్సిటీలో సీటొచ్చింది. మార్కుల్లో తేడా అంతంత మాత్రం. లోన్ కోసం ఇద్దరి ఇళ్లూ బ్యాంకు తాకట్టులో ఉన్నాయి.

"ఈ యూనివర్సిటీయే ఎందుకంటే ఏం చెప్తున్నావ్?" అమ్మాయి అడుగుతోంది.

"ఆ ప్రొఫెసర్ ల్యాబ్ గురించే. నువ్వు?"

"నేనూ అదే. వేరేది చెప్పమంటావా?"

"ఒక్కరి దగ్గరికే వెళ్తే ఇద్దరం ఒకటే చెప్పినట్టైతది. పోనీలే, నిజమే కదా చెప్పేది."

వెనక నుంచి ఇంకెవరో గొంతు తగ్గించి చెబుతున్నారు. నిన్న ఫలానా కౌంటర్‌లో ఉన్న ఆఫీసర్ అందరికీ ఇచ్చేశాడట. పక్క కౌంటర్‌లో ఆవిడ వరసగా రిజెక్ట్ కొట్టిందట. టెలిగ్రామ్ గ్రూపులో రాత్రంతా ఇదే చర్చ. ఎవరికి ఏ కౌంటర్, ఏమేం అడిగారు, అప్రూవా రిజెక్టా. ఇది పుకారు కావచ్చు. కానీ ఈ వరుసలో ఉన్న ప్రతి ఒక్కరూ దాన్ని నమ్ముతున్నారు. ఏళ్లు కష్టపడి పట్టుకున్న సీటు, ఆ ఉదయం ఏ అద్దం ముందు నిలబడతామన్న దాని మీద ఆధారపడి ఉందని వాళ్ల భయం. న్యాయం మీద నమ్మకం ఎక్కడ సడలుతుందో చూడాలంటే ఈ గుసగుస వింటే చాలు.

వరుస కదిలింది. తనిఖీ, కాగితాల పరిశీలన, వేలిముద్రల సరిచూపు, మళ్లీ వరుస. ఇక్కడ ఎవరూ కూర్చుని మాట్లాడరు. అద్దానికి ఇవతల మీరు నిలబడతారు, అవతల ఆఫీసర్ కూర్చుంటారు, మధ్యలో మైకు. పక్క కౌంటర్‌లో మాటలు కూడా సగం వినిపిస్తుంటాయి.

అమ్మాయి ఒక అద్దం ముందుకెళ్లింది. వై దిస్ యూనివర్సిటీ, హూ ఈజ్ స్పాన్సరింగ్ యు, వాట్ విల్ యు డూ ఆఫ్టర్ యువర్ మాస్టర్స్. మూడు ప్రశ్నలు. ఆఫీసర్ పాస్‌పోర్టును తన పక్కనున్న ట్రేలో పడేశాడు. పాస్‌పోర్టు వెనక్కి రాలేదంటే మామూలుగా వీసా వచ్చినట్టే. ఆ సంగతి ఈ హాల్లో చూస్తున్న అందరికీ తెలుసు.

అబ్బాయి రెండు కౌంటర్లు దాటి ఇంకో అద్దం ముందుకెళ్లాడు. మొదటి రెండు ప్రశ్నలూ అవే. మూడోది, తండ్రి ఏం చేస్తారని. ఫార్మర్ అన్నాడు. ఎన్ని ఎకరాలని అడిగారు. చెప్పాడు. ఆఫీసర్ కీబోర్డు మీద ఏదో కొట్టారు. ఆ కాస్తసేపు అబ్బాయి ఊపిరి బిగబట్టాడు. అద్దం కింద సందులోంచి పాస్‌పోర్టు వెనక్కొచ్చింది, దాంతోపాటు ఒక కాగితం. సారీ, యు డోంట్ క్వాలిఫై దిస్ టైమ్. రెండు నిమిషాలు పట్టిందో లేదో.

బయటికి వచ్చేసరికి ఎండ రోడ్డంతా పరుచుకుంది. కొడుకు చేతిలో పాస్‌పోర్టు చూడగానే తండ్రికి అర్థమైంది. తల్లి మాత్రం అడిగింది.

"ఎందుకియ్యలేదట బిడ్డా?"

అబ్బాయి కాగితం మడత విప్పాడు. ఏం చెప్పాలో అతనికే తెలియదు.


ఆ కాగితంలో ఏముంది

అతని భుజం మీదుగా మీరూ చదవండి. వలసలు, పౌరసత్వ చట్టంలోని సెక్షన్ 214బి కింద మీకు వీసా నిరాకరించాం అని ఉంది. మీ దేశంతో మీకు గట్టి సంబంధాలున్నాయని, చదువయ్యాక తిరిగి వెళ్తారని మీరు నిరూపించలేకపోయారు అన్న అర్థం వచ్చే వాక్యాలున్నాయి. అప్పీలు లేదు, పరిస్థితులు మారాయనుకుంటే మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు అని ఉంది. ఆ అబ్బాయి పేరు లేదు. నిరూపించలేకపోయింది ఏమిటో లేదు. తక్కువైంది పొలమా, డబ్బా, మార్కులా, జవాబులోని తడబాటా? ఆ రోజు 214బి కింద వెనక్కి పంపిన ప్రతి విద్యార్థి చేతిలోనూ ఇదే కాగితం.

ఈ చట్టం 1952 నాటిది. ఇలాంటి వీసాకు వచ్చిన ప్రతి మనిషినీ, కాదని అతను ఒప్పించేదాకా, అక్కడే స్థిరపడిపోదామని వచ్చినవాడిగానే చూడమని ఆ సెక్షన్ చెబుతుంది. రుజువు బాధ్యత దరఖాస్తుదారుడిది. ఇరవై రెండేళ్ల కుర్రవాడు పెళ్లి కాకుండా, ఉద్యోగం లేకుండా, తన పేరు మీద గజం జాగా లేకుండా, రెండేళ్ల తరవాత ఏం చేస్తాడో రెండు నిమిషాల్లో రుజువు చేయాలి.

ఇలా వెనుదిరిగింది అతనొక్కడే కాదు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా అమెరికా ఎఫ్-1 విద్యార్థి వీసా దరఖాస్తుల్లో నూటికి 41 తిరస్కరించింది. అంతకు ముందు ఏడాది 36. 2023-24 విద్యా సంవత్సరంలోనే మన పిల్లలు చైనా వాళ్లను దాటి, 3,31,602 మందితో అమెరికాలోని విదేశీ విద్యార్థుల్లో మొదటి స్థానంలో నిలిచారు. ఇంత పెద్ద వ్యవహారంలో ఏ కాన్సులేట్ నూటికి ఎందరిని తిరస్కరిస్తోందన్న లెక్క మాత్రం బయటికి రాదు. టూరిస్టు, బిజినెస్ వీసాల తిరస్కరణలను దేశాలవారీగా ఏటా ప్రకటిస్తారు. హైదరాబాద్‌కూ ముంబయికీ తేడా ఉందా, ఒక కౌంటర్‌కూ ఇంకో కౌంటర్‌కూ తేడా ఉందా అన్నది అందులో కనిపించదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో గుసగుసలు పుట్టేది ఈ ఖాళీలోంచే.

డబ్బు లెక్క కూడా చూడండి. వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ ఫీజు 350 డాలర్లు. రూపాయల్లో నలభై వేల పైమాటే. అబ్బాయి మళ్లీ ప్రయత్నించాలంటే ఆ 185 మళ్లీ కట్టాలి. ఈసారి ఏం సరిదిద్దుకుని వెళ్లాలో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.

మన దగ్గర ఇంటర్మీడియట్ పరీక్షలో తప్పిన పిల్లవాడు ఫీజు కట్టి తన జవాబు పత్రం తెప్పించుకుని చూడొచ్చు. ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు పడ్డాయో, ఎక్కడ పోయాయో తెలుస్తుంది. మళ్లీ సరిచూడమని అడగొచ్చు. దిద్దినవాళ్లు పొరపాటు పడి ఉండొచ్చని ఒప్పుకున్నాం కాబట్టే ఆ ఏర్పాటు. వీసా కౌంటర్‌లో ఆ ఒప్పుకోలు లేదు.


అద్దం అవతలి కుర్చీ

ఇప్పుడు అద్దం దాటి అవతల కూర్చోండి. ఇది కూడా చూడకపోతే మన మాట సగమే అవుతుంది.

మీ ముందు పొద్దున్నుంచి పదుల కొద్దీ ముఖాలు. రద్దీ రోజుల్లో వంద దాటుతాయి. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు. అందరి జవాబులూ ఒకే కోచింగ్‌లో నేర్చినట్టుంటాయి, చాలాసార్లు నిజంగానే అక్కడ నేర్చినవే. అప్పు తెచ్చిన డబ్బు కొన్నాళ్లు ఖాతాలో వేసి 'ఫండ్స్' చూపించే ఏజెంట్లు ఈ నగరంలో ఉన్నారని మీకు తెలుసు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఏం జరిగిందో కూడా తెలుసు. అమెరికా ప్రభుత్వమే వల పన్ని ఫార్మింగ్టన్ పేరుతో ఒక దొంగ యూనివర్సిటీ నడిపి, అందులో చేరిన విద్యార్థులను పట్టుకుంది. మొదటి విడతలో అరెస్టయిన 130 మందిలో దాదాపు అందరూ భారతీయులే. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఇవన్నీ మనసులో పెట్టుకునే మీరు ఎదురుగా ఉన్న కుర్రవాడి ముఖంలోకి చూస్తున్నారు.

అతను తడబడ్డాడు. అబద్ధమాడి తడబడ్డాడా, ఇంగ్లీషు రాక తడబడ్డాడా, భయంతోనా? పైకి మూడూ ఒకేలా ఉంటాయి. మీరు ఏదో ఒకటి అనుకుని తీరాలి. వెనక ఇంకో అరవై మంది ఉన్నారు. మీరు అతని ఫైల్లో రెండు ముక్కలు టైప్ చేస్తారు. ఆ ముక్కలే అసలు కారణం. అవి మీ కంప్యూటర్‌లో ఉన్నాయి. మీ పైఅధికారి తిరస్కరణల్లో కనీసం నూటికి ఇరవై తిరిగి చూడాలని అమెరికా విదేశాంగ శాఖ నియమావళి చెబుతుంది. ఆ ఇరవైలో ఈ అబ్బాయిది ఉందో లేదో అతనికి తెలియదు, మిగతా ఎనభైలో ఉండి ఉంటే రెండో మనిషి దాన్ని చూసే ఉండరు.

ఆఫీసర్ చెడ్డవారని ఎవరూ అనడం లేదు. మంచి మనిషి కూడా రెండు నిమిషాల్లో, అలసటలో, అనుమానంలో పొరపాటు పడతాడు. ఆ పొరపాటు బయటపడే దారి ఉండాలన్నదే ఇక్కడి ప్రశ్న. కారణం రాసే ఉంది. దాన్ని అద్దం ఇవతలికి అందించడమే మిగిలింది.


ఎల్లిస్ ద్వీపం, 1948. శాన్ సాల్వడార్, 2015

కారణం దాచిపెడితే ఏమవుతుందో చూడటానికి ఇప్పుడు న్యూయార్క్ రేవుకు రండి. 1948 ఆగస్టు. ఓడలోంచి ఒక స్త్రీ దిగింది, పేరు ఎలెన్ నాఫ్. పుట్టింది జర్మనీలో, పెళ్లాడింది అమెరికా పౌరుణ్ని, మాజీ సైనికుణ్ని. ఆమెను రేవులోనే ఆపి ఎల్లిస్ ద్వీపంలో ఉంచారు. కారణం రహస్యమన్నారు, విచారణ లేదన్నారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1950 జనవరిలో కోర్టు ప్రభుత్వం పక్షానే నిలిచింది. బయటివాళ్లను రానివ్వాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టమని, ఏ పద్ధతి పెడితే అదే న్యాయమని తేల్చింది.

కథ అక్కడ ఆగలేదు. పత్రికలు, చట్టసభ సభ్యులు పట్టుబట్టాక చివరికి ఆమెకు విచారణ దొరికింది. రహస్య సాక్ష్యాన్ని మొదటిసారి వెలుగులో పెట్టి చూస్తే, అదంతా ఎవరో ఎవరి దగ్గరో విన్న మాటలని అప్పీళ్ల బోర్డు తేల్చింది. 1951లో ఆమెను దేశంలోకి రానిచ్చారు. మూడేళ్లు ఆమెను ఆపిన ఆ కారణం రెండో చూపుకు నిలవలేదు. అయినా ఆమె ఓడిపోయిన 1950 తీర్పే ఈనాటికీ బతికి ఉంది. కాన్సులేట్ అధికారి వీసా నిరాకరిస్తే కోర్టులు తలదూర్చవన్న సూత్రానికి వేళ్లు అక్కడే ఉన్నాయి.

అక్కడి నుంచి 2015కు, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ రాజధాని శాన్ సాల్వడార్‌కు. అమెరికా కాన్సులేట్‌లో అద్దం ముందు లూయిస్ అసెన్సియో కోర్డెరో నిలబడ్డాడు. భార్య సాండ్రా మున్యోజ్ అమెరికా పౌరురాలు, లాస్ ఏంజెలెస్‌లో లాయర్. 2010లో పెళ్లయింది. ఇమిగ్రెంట్ వీసా కోసమే అతను సొంత దేశానికి తిరిగొచ్చాడు. వీసా ఇవ్వలేదు. చట్టంలోని ఒక సెక్షన్ నంబరు చెప్పి ఊరుకున్నారు. అమెరికాకు వచ్చి చట్టవిరుద్ధమైన పనులు చేయొచ్చన్న అనుమానానికి వాడే సెక్షన్ అది.

దంపతులు తమంతట తామే ఊహించుకోవాల్సి వచ్చింది. పచ్చబొట్లా? అతని ఒంటి మీద గ్వాదలూపే మాత బొమ్మ ఉంది, మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాయిడ్ ముఖం ఉంది. ముఠాల మీద నిపుణుడొకరి చేత, వీటికి ఏ ముఠాతోనూ సంబంధం లేదని రాయించి ఇచ్చారు. ఫలితం లేదు. కోర్టుకెళ్లారు. అతన్ని ఎంఎస్-13 ముఠా సభ్యుడనుకున్నామని ప్రభుత్వం 2018లో, కేసు నడుస్తుండగా చెప్పింది. సమాధానం చెప్పుకోవాలంటే ఏ అభియోగానికి చెప్పుకోవాలో తెలియడానికే మూడేళ్లు పట్టింది.

2024 జూన్ 21న వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పిచ్చింది. విదేశీయుడైన భర్త దేశంలోకి రావాలని కోరే మౌలిక హక్కు పౌరురాలికి కూడా రాజ్యాంగం ఇవ్వలేదంది. సొంత పౌరురాలికే ఆ తలుపు మూసినప్పుడు, హుజూరాబాద్ కుర్రవాడికి కోర్టులో ఏం దొరుకుతుందో మీరే చెప్పండి. కాబట్టి న్యాయం ఏదైనా దొరికితే అది ఆ అద్దం దగ్గరే, ఆ కాగితంలోనే దొరకాలి.


ఇంగ్లండ్, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు

వేరే దేశాలు ఏం చేస్తున్నాయో చూడటానికి ఇక ఇంగ్లండ్‌కు రండి. క్రోయిడన్‌లోనో షెఫీల్డ్‌లోనో ఒక నిర్ణయ కేంద్రంలో తెర ముందు కూర్చోండి. సంవత్సరం 2015 నుంచి 2020 మధ్య ఏదైనా సరే. దరఖాస్తు ఎక్కడి నుంచో వచ్చింది, మనిషి ఇక్కడ లేడు. మీరు ఫైలు తెరిచేలోగానే ఒక కంప్యూటర్ పద్ధతి దానికి రంగు వేసేసింది. ఆకుపచ్చ అంటే తేలిక, ఎరుపు అంటే అనుమానం, మధ్యలో పసుపు. ఆ రంగు నిర్ణయించడంలో దరఖాస్తుదారుడి జాతీయత ఒక ముఖ్యమైన అంశం. అనుమానించాల్సిన దేశాల జాబితా ఒకటి బ్రిటన్ హోం శాఖ, అంటే హోమ్ ఆఫీసు, దగ్గర రహస్యంగా ఉంది.

ఎరుపు వచ్చిన ఫైలును మీరు ఎక్కువసేపు, ఎక్కువ అనుమానంతో చూస్తారు. ఎక్కువ తప్పులు కనిపిస్తాయి, ఎక్కువగా తిరస్కరిస్తారు. ఆ తిరస్కరణలు మళ్లీ లెక్కలోకి వెళ్లి ఆ దేశాన్ని ఇంకాస్త ఎర్రగా మారుస్తాయి. తరవాత వచ్చే మనిషి ఏ పాపం చేయకపోయినా, తన దేశంవాళ్లకు అంతకుముందు పడిన తిరస్కరణలను మోస్తూ మీ ముందుకొస్తాడు. పద్ధతి అందరికీ ఒకటే, యంత్రం అందరినీ ఒకేలా లెక్కగడుతుంది. అయినా అది అన్యాయమే, ఎందుకంటే మనిషిని చూడకముందే అతను పుట్టిన చోటును చూసింది.

వలసదారుల హక్కుల కోసం పనిచేసే జేసీడబ్ల్యూఐ, ఫాక్స్‌గ్లోవ్ అనే మరో సంస్థ కలిసి దీన్ని కోర్టులో సవాలు చేశాయి. విచారణ జరగకముందే హోమ్ ఆఫీసు వెనక్కి తగ్గింది. 2020 ఆగస్టు 7న ఆ పద్ధతిని ఆపేసింది. అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ రంగులు బయటపడ్డాయి.

మరోవైపు, ఉన్న ఒక దారిని బ్రిటన్ అంతకుముందే మూసింది. బంధువుల దగ్గరికి వెళ్లే వీసా నిరాకరిస్తే పూర్తి స్థాయి అప్పీలు హక్కు ఉండేది. దాన్ని 2013 జూన్‌లో తీసేశారు. ఇప్పుడు తిరస్కరణ ఉత్తరంలో కారణాలు రాసి ఇస్తారు, కానీ మామూలు సందర్శక వీసాకు ఆ కారణాలు తప్పని చూపించడానికి మిగిలింది ఖరీదైన కోర్టు దారి, లేదా ఫీజు కట్టి మళ్లీ మొదటి నుంచి.


రబాత్ నుంచి లక్సెంబర్గ్ దాకా

ఈసారి మీ చేతిలో షెంగెన్ వీసా తిరస్కరణ ఫారం ఉంది. ఐరోపా ఇచ్చే ఈ కాగితాన్ని అమెరికా కాగితం పక్కన పెట్టి చూడండి. 2009లో చేసిన వీసా నియమావళి ప్రకారం అన్ని షెంగెన్ దేశాలూ ఇదే ఫారం వాడాలి. అందులో వరసగా గడులు. ప్రయాణ కారణం నమ్మదగ్గట్టు లేదు, ఖర్చులకు డబ్బు చూపలేదు, తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదు. వర్తించే గడిలో టిక్కు పెట్టాలి. ఎక్కడ అప్పీలు చేయాలో కూడా ఆ కాగితంలోనే రాయాలి.

ఈ హక్కు కాగితం మీద రాసుకున్నంత మాత్రాన నిలబడలేదు, మనుషులు కొట్లాడి నిలబెట్టుకున్నారు. మొరాకో రాజధాని రబాత్‌లో పోలండ్ కాన్సుల్ ఒక మొరాకో పౌరుడికి వీసా నిరాకరించాడు. అతని భార్య పోలండ్ పౌరురాలు. పోలండ్ చట్టంలో అలాంటి కేసు కోర్టుకు వెళ్లే దారే లేదు. లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం 2017 డిసెంబరులో స్పష్టం చేసింది, ఏదో ఒక దశలో కోర్టు చూసే వీలు ఉండి తీరాలని. 2020 నవంబరులో అదే న్యాయస్థానం ఇంకో మెట్టు ఎక్కింది. ఈజిప్టు పౌరుడొకరికి, సిరియా పౌరులొకరికి నెదర్లాండ్స్ వీసా ఇవ్వలేదు, వేరే సభ్యదేశమేదో అభ్యంతరం చెప్పిందన్న మాటతో సరిపెట్టింది. అలా కుదరదంది కోర్టు. అభ్యంతరం చెప్పింది ఏ దేశమో చెప్పాలి, అభ్యంతరం సారాంశమేమిటో చెప్పాలి. అవసరమైన చోట భద్రతా రహస్యాలు కాపాడుకుంటూనే చెప్పాలి.

ఐరోపాలో అంతా సవ్యంగా ఉందని కాదు. టిక్కు పెట్టిన గడి కూడా చాలాసార్లు సంగతి విడమరచదు. ఒకే ఊళ్లో రెండు షెంగెన్ దేశాల కాన్సులేట్లు ఒకే నియమావళిని పట్టుకుని వేర్వేరు శాతాల్లో తిరస్కరిస్తాయి. కానీ ఆ తేడా మనకెలా తెలిసింది? ఏ దేశం, ఏ ఊరి కాన్సులేట్, ఎన్ని దరఖాస్తులు, ఎన్ని తిరస్కరణలన్న పట్టికను ఐరోపా కమిషన్ ఏటా బయటపెడుతుంది కాబట్టి. లెక్క బయట ఉన్నచోట, ఇంత తేడా ఎందుకని ఒక మామూలు విలేకరి కూడా అడగగలడు.


మనం ఏం అడగాలి

మనవాళ్లు ఇంతకాలం అడిగింది ముఖ్యంగా వేగం. అడగాల్సిన పరిస్థితే ఉండింది. 2022 సెప్టెంబరులో ఢిల్లీలో టూరిస్టు వీసా ఇంటర్వ్యూకి 800 రోజులకు పైగా ఆగాల్సి వచ్చినప్పుడు బీజింగ్‌లో రెండే రోజులుంది. విదేశాంగ మంత్రి జైశంకర్ వాషింగ్టన్ వెళ్లినప్పుడు ఆ సంగతి నేరుగా లేవనెత్తారు. సిబ్బందిని పెంచారు, కౌంటర్లు పెంచారు. 2023లో భారత్‌లోని అమెరికా కార్యాలయాలు 14 లక్షల వీసాలు పరిష్కరించాయి. సందర్శక వీసాకు సగటున వెయ్యి రోజులున్న నిరీక్షణ 250 రోజులకు దిగింది. మధ్యలో డబ్బున్నవాళ్లు బ్యాంకాక్ వెళ్లి ఇంటర్వ్యూ ముగించుకొచ్చారు, లేనివాళ్లు ఇక్కడే ఆగారు. 2025 సెప్టెంబరు నుంచి ఆ దారి మూసి, సొంత దేశంలోనో నివాసముంటున్న దేశంలోనో ఇంటర్వ్యూకి వెళ్లాలన్నారు. ఇప్పుడు పేదా గొప్పా అందరూ ఇక్కడి వరుసలోకే వచ్చారు. ఆ వరుస చివర దొరికే నిర్ణయం ఎలాంటిదన్న ప్రశ్న అందుకే ఇంకా పెద్దదైంది.

కారణం చెప్పడం సాధ్యం కాదని ఎవరైనా అంటే కెనడాను చూపించండి. అక్కడ తిరస్కరించినప్పుడు ఆఫీసర్ తన ఫైల్లో రాసుకున్న నోట్ కోసం సమాచార హక్కు కింద విడిగా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. 2025 జులై చివరి నుంచి సందర్శక, విద్యార్థి, ఉద్యోగ వీసాల తిరస్కరణ ఉత్తరంతోపాటే ఆ నోట్‌ను పంపడం మొదలుపెట్టారు. దరఖాస్తులు లక్షల్లో వచ్చే దేశమే అది. ఆఫీసర్ కొత్తగా ఏమీ రాయనక్కరలేదు. తన తెర మీద టైప్ చేసిన రెండు ముక్కలే దరఖాస్తుదారుడికి చేరతాయి. తన రాత బయటికి వెళ్తుందని తెలిసిన ఆఫీసర్ రాసే ముందు ఒకసారి ఆగి ఆలోచిస్తారు కూడా.

అడిగే నోటికి అర్హత కూడా కావాలి. హైదరాబాద్‌లోనే టోలిచౌకి వైపు వెళ్లండి. సూడాన్, సోమాలియా, యెమెన్ నుంచి చదువుకోసం, వైద్యం కోసం వచ్చినవాళ్లు అక్కడ ఉన్నారు. వాళ్ల వెనక, రావాలనుకుని రాలేకపోయినవాళ్లు ఇంకెందరో. వాళ్లు నిలబడిన కౌంటర్ మనది. మన 2025 నాటి వలసలు, విదేశీయుల చట్టం కూడా సరిహద్దు దగ్గర ఇమిగ్రేషన్ అధికారి మాటే తుదిమాట అంటుంది. నానక్‌రాంగూడలో మనకు ఏది కావాలంటున్నామో, సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లోని ఒక తల్లికి మన కౌంటర్ అదే ఇవ్వాలి.

ఏ దేశానికైనా ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకునే అధికారం ఉంది. దాన్ని ఎవరూ కాదనడం లేదు. ఫీజు తీసుకుని, వేలిముద్రలు తీసుకుని, ఒక మనిషి భవిష్యత్తు మీద నిర్ణయం చెప్పినప్పుడు ఆ నిర్ణయానికి కారణం కూడా చెప్పాలి. అతని ఫైలుకే వర్తించే ఒక్క వాక్యమైనా చాలు. మొదట చూసిన మనిషి కాక ఇంకొకరు ప్రతి తిరస్కరణనూ ఒకసారి చూడాలి. కాన్సులేట్‌వారీగా ఎన్ని ఇచ్చారో, ఎన్ని ఆపారో ఏటా ప్రకటించాలి. ఒకే రకం ఫైళ్లను వేర్వేరు కౌంటర్లకు పంపి ఒకే జవాబు వస్తోందా అని వాళ్లే పరీక్షించుకోవాలి. మన ఎంపీలు, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు, అమెరికాలోని తానా, ఆటా లాంటి తెలుగు సంఘాలు కాన్సులేట్ అధికారులను కలిసిన ప్రతిసారీ స్లాట్లతోపాటు ఈ నాలుగూ పేరుపేరునా అడగాలి. నిరీక్షణ గురించి గట్టిగా అడిగితే వెయ్యి రోజులు 250కి దిగాయి. కారణం గురించి అంత గట్టిగా మనం ఇంకా అడగలేదు.